మనసుకు మేలు చేసే తిండి – మూడో పాఠం: పెరుగు బతికి ఉండాలి

పోయిన పాఠంలో రోజూ రాత్రి రెండు ముక్కలు రాసుకోమన్నాను: ఎంతసేపు నిద్ర పట్టింది, టెన్షన్ ఎంత ఉంది అని. వారం రాసినవాళ్లు ఇక పాలగిన్నె దగ్గరికి రావచ్చు. రాయనివాళ్లు ముందు ఆ పని చేయండి. ఇప్పుడెలా ఉన్నారో రాసిపెట్టుకోకపోతే రేపు దేనితో పోల్చుకుంటారు?

అర లీటరు పాలు పొంగు వచ్చేదాకా కాచి దించండి. పాలలో ఉన్న వేరే సూక్ష్మజీవుల్ని పోగొట్టడానికే ఈ కాచడం. ఇప్పుడు ఆగాలి. చాలామంది తొందరపడేది ఇక్కడే. థర్మామీటర్ ఉంటే 43 డిగ్రీల దగ్గర తోడు వేయండి. లేదంటే శుభ్రంగా కడిగిన వేలు ముంచి చూడండి. పది లెక్కపెట్టేదాకా హాయిగా ఉంచగలగాలి. వేలు చుర్రుమంటే ఆ వేడికి తోడులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది. మరీ చల్లారితే సరిగా తోడుకోదు. చెంచాడు తోడు కొద్ది పాలలో చిదిపి, మిగతా పాలలో కలిపి, మూతపెట్టి ఆరేడు గంటలు కదపకుండా వదిలేయండి. గిన్నె కాస్త వంచితే పెరుగు అంచు వదిలి ఒకే ముద్దగా కదలాలి. అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టండి. తర్వాత దాన్ని మరిగే కూరలో మాత్రం కలపకండి.

ఎందుకింత జాగ్రత్త? ఒంటికి మేలు చేసే సూక్ష్మజీవుల్ని ప్రోబయాటిక్ అంటారు. అలా అనాలంటే అవి బతికి ఉండాలన్నది మొదటి షరతు. పేగుల్ని మెదడుతో కలిపే వేగస్ అనే నరం ఉంది. లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియాలో ఒక రకాన్ని తిన్న చిట్టెలుకల్లో ఆందోళన తగ్గిందని, ఆ నరం కత్తిరించిన వాటిలో తగ్గలేదని 2011లో తేలింది. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. కానీ అదే రకాన్ని తర్వాత ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకు ఇస్తే మేలేమీ కనబడలేదు. 2013లో ప్రోబయాటిక్ పాల పదార్థాన్ని 4 వారాలు తీసుకున్న ఆడవాళ్ల మెదడు స్కాన్లలో, భావోద్వేగాలకు స్పందించే తీరు మారింది. ఆ ప్రయోగంలో ఉన్నది మొత్తం 36 మందే. పైగా మన గిన్నెలో తోడుకున్నది ఆ రకం బ్యాక్టీరియానే అనుకోకూడదు. కాబట్టి డిప్రెషన్‌కు మందులు వాడుతున్నవాళ్లు, దయచేసి పెరుగును నమ్ముకుని మాత్రలు ఆపకండి. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టండి.

ఇక హోంవర్క్. రోజూ ఒక కప్పు, 4 వారాలు. పొట్ట ఉబ్బరిస్తే అరకప్పు చాలు. రాత్రి రాసే ఆ రెండు ముక్కలు ఆపొద్దు. వచ్చే పాఠానికి ఒక కిలో క్యాబేజీ, 20 గ్రాముల ఉప్పు, మూతున్న గాజు సీసా సిద్ధం చేసుకోండి.