ఇంటి నుంచే అంతర్జాతీయ సంబంధాలు: ఇగ్నోలో పీజీ చదివే పద్ధతి

అంతర్జాతీయ సంబంధాలను దూరవిద్యలో చదవాలనుకుంటే ఇగ్నో ఎంఏ పొలిటికల్ సైన్స్ మంచి దారి. డిగ్రీలో ఏ సబ్జెక్టు చదివినా చేరొచ్చు. మొత్తం 64 క్రెడిట్లు. కనీసం రెండేళ్లు పడుతుంది, గరిష్ఠంగా నాలుగేళ్లలో ముగించాలి. మొదటి ఏడాది నాలుగు పేపర్లూ తప్పనిసరి. వాటిలో 'ఇంటర్నేషనల్ రిలేషన్స్: థియరీ అండ్ ప్రాబ్లమ్స్' మనకు కావలసిన పునాది. రెండో ఏడాది ఐచ్ఛికాల్లో 'ఇండియా అండ్ ది వరల్డ్', 'పీస్ అండ్ కాన్‌ఫ్లిక్ట్ స్టడీస్', యూరోపియన్ యూనియన్ మీద ఉన్న పేపరు తీసుకుంటే చదువంతా ఈ సబ్జెక్టు వైపే తిరుగుతుంది. ఐచ్ఛికాల జాబితా మారుతుంటుంది కాబట్టి చేరే సెషన్ ప్రాస్పెక్టస్‌లో ఒకసారి సరిచూసుకోండి.

ప్రవేశాలు ఏటా రెండుసార్లు, జనవరి, జులై సెషన్లకు జరుగుతాయి. దరఖాస్తుకు ముందే ఏబీసీ ఐడీ (మన క్రెడిట్లు జమయ్యే ఖాతా సంఖ్య), దాంతో యూజీసీ పోర్టల్‌లో డెబ్ ఐడీ (దూరవిద్య విద్యార్థి గుర్తింపు సంఖ్య) తీసుకోవాలి. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో పేరు వేర్వేరుగా ఉంటే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉండటం మన దగ్గర మామూలే. ముందు దాన్ని సరిచేయించుకోండి.

ఇక సమయం లెక్క. ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. ఎనిమిది క్రెడిట్ల పేపరుకు 240 గంటలు, నాలుగింటికి 960. పండగలూ పెళ్లిళ్లూ పోగా ఏడాదికి 48 వారాలు మిగిలాయనుకున్నా వారానికి 20 గంటలు కూర్చోవాలి. ఉద్యోగం చేస్తూ అంత కుదరని వారు మొదటి ఏడాది పరీక్షలను జూన్, డిసెంబరులకు రెండేసి చొప్పున పంచుకోవడం మేలు. నాలుగూ ఒకేసారి రాసి రెండు పోగొట్టుకుంటే పరీక్ష ఫీజూ పోతుంది, ఉత్సాహమూ పోతుంది.

పాఠ్యపుస్తకాలన్నీ ఇగ్నో ఆన్‌లైన్ గ్రంథాలయం ఈ-జ్ఞాన్‌కోశ్‌లో ఉచితంగా దొరుకుతాయి. అయితే ఇంగ్లిష్, హిందీ మాధ్యమాలే ఉన్నాయి, తెలుగు లేదు. అందుకని ప్రతి పారిభాషిక పదానికీ నోట్సులో సొంత తెలుగు వాక్యం ఒకటి రాసుకోండి. 'డిటరెన్స్' ఎదురైతే నిఘంటువులోని మాటతో సరిపెట్టుకోవద్దు. "తిరిగి దెబ్బ తప్పదన్న భయంతో ఎదుటి దేశం వెనక్కి తగ్గడం" అని రాసుకుంటే పరీక్షలో ఇంగ్లిష్ వాక్యం దానంతటదే వస్తుంది. అర్థం కాకుండా బట్టీపట్టిన నిర్వచనం మూడో ప్రశ్న దగ్గరే తడబడుతుంది.

అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షకు 70 శాతం. రెండింటిలోనూ విడివిడిగా 40 శాతం రావాలి. కానీ అధ్యాపక అర్హత పరీక్ష నెట్ రాసే ఉద్దేశం ఉంటే జనరల్ అభ్యర్థికి పీజీలో 55 శాతం కావాలి, కాబట్టి పాసైతే చాలనుకోవద్దు. ఒక్కో అసైన్‌మెంటులో ఐదు జవాబులు, ఒక్కోటి సుమారు 500 పదాలు రాయాలి.

వీటిలో ఎక్కువమంది చేసే తప్పు, ఏ సిద్ధాంతాన్నీ ఆధారం చేసుకోకుండా పత్రికా సంపాదకీయంలా రాయడం. సింధు జలాల ఒప్పందాన్నే తీసుకోండి. 1960 సెప్టెంబరు 19న కరాచీలో కుదిరింది. రావి, బియాస్, సట్లెజ్ భారత్‌కు, సింధు, జీలం, చీనాబ్ ప్రధానంగా పాకిస్థాన్‌కు. 1965, 1971, 1999 యుద్ధాల్లోనూ నిలిచింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత భారత్ దాన్ని నిలిపి ఉంచింది. దేశాల మధ్య సహకారాన్ని నమ్మే ఉదారవాది, రెండు దేశాల ఉమ్మడి శాశ్వత సింధు కమిషన్‌నూ, ప్రపంచ బ్యాంకు పాత్రనూ చూపి, సంస్థల వల్లే ఒప్పందం నిలిచిందంటాడు. అన్నిటికీ బలమే మూలమనే వాస్తవికవాది మాత్రం 2025ను చూపించి, బలమైన ఎగువ దేశం కోరుకున్నంతకాలమే నిలిచిందంటాడు. జవాబులో మీ వాదనకు 60 పదాలు, సిద్ధాంతానికి 120, ఉదాహరణకు 200, ఎదుటి వాదనకు 80, తీర్పుకు 40 కేటాయించండి. పాకిస్థాన్ వాదనను వారి అధికారిక ప్రకటనల నుంచే తీసుకోండి. మన దేశం మీద ప్రేమ ఉన్నవాళ్లే ఎదుటివారి మాటను ఉన్నదున్నట్టు రాయడం నేర్చుకోవాలి, విదేశాంగ విధానం అర్థమయ్యేది అప్పుడే.

అసైన్‌మెంట్లు చేత్తో రాయండి. ఆ సెషన్ ప్రశ్నలకే జవాబులు రాయాలి, పాత ఏడాదివి రాస్తే చెల్లవు. ఇచ్చే ముందు ప్రతి పేజీ ఫొటో తీసి, రసీదుతో పాటు దాచుకోండి. మార్కులు ఎక్కకపోతే అడగడానికి అదే ఆధారం.

పరీక్ష ఫారం వేరుగా నింపాలి, ప్రవేశ రుసుములో అది కలవదు. రెండో ఏడాది రీ-రిజిస్ట్రేషన్ కూడా అంతే. మొదటి ఏడాది ఫలితాలు వచ్చాక చేద్దామని ఆగితే గడువు దాటిపోతుంది. ఫలితాలతో నిమిత్తం లేకుండా, ఆ విండో తెరిచిన వారంలోనే కట్టేయండి.