జింక వేటకు మజిల్‌లోడర్ బుల్లెట్ ఎలా ఎంచుకోవాలి?

నాటు తుపాకీలో మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించడం చూసినవాళ్లకు మజిల్‌లోడర్ కొత్తేమీ కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర జింకను కొట్టడం నేరం. అమెరికాలో మాత్రం చాలా రాష్ట్రాల్లో ఈ తుపాకీకి విడిగా సీజనే ఉంటుంది. అక్కడ లైసెన్సు తీసుకుని మొదటిసారి వెళ్తున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు మీ రాష్ట్రం ఈ ఏడాది వేట నిబంధనలు చదవండి. కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌లో సేబో వాడకూడదు. సేబో అంటే బుల్లెట్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ వేటకూ సీసం పనికిరాదు, రాగి లాంటి సీసం లేని బుల్లెట్లే దిక్కు. ఇది చూడకుండా కొంటే డబ్బు దండగ.

తర్వాత షాపుకి వెళ్తాం, డబ్బా మీద బొమ్మ చూసి పడిపోతాం. అసలు చూడాల్సింది తుపాకీ గొట్టాన్ని. లోపల మెలికలు తిరిగిన గాడులు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయో గొట్టం మీదో, మాన్యువల్‌లోనో ఉంటుంది. ఇప్పటి .50 కాలిబర్ (గొట్టం రంధ్రం అర అంగుళం) ఇన్‌లైన్ తుపాకుల్లో, అంటే మందుకి సరిగ్గా వెనక నుంచి నిప్పు అంటుకునేవాటిలో, ఎక్కువగా 28 అంగుళాలకు ఒక చుట్టు. పొడవాటి బుల్లెట్లకు, సేబోలకు అది సరిపోతుంది. పాతకాలపు పద్ధతి తుపాకుల్లో చాలావాటికి 60, 66 అంగుళాలకు ఒక చుట్టు. వాటికి గుడ్డ ముక్కలో చుట్టిన సీసపు గుండే మేలు. 48 అంగుళాలది మధ్యరకం, రెండూ వేసి చూడాల్సిందే.

ఇక బరువు. దీన్ని గ్రెయిన్లలో చెబుతారు, గ్రాముకు సుమారు 15 గ్రెయిన్లు. .50 తుపాకీలో వేసే గుండు దాదాపు 177 గ్రెయిన్లు. అది త్వరగా వేగం కోల్పోతుంది కాబట్టి 75 గజాల లోపే కొట్టండి. ఇన్‌లైన్‌లో వైట్‌టెయిల్ (తెల్లతోక) జింకకు 250 గ్రెయిన్ల బుల్లెట్ చాలు. 300 కూడా బాగానే పనిచేస్తుంది, కాకపోతే భుజానికి దెబ్బ గట్టిగా తగులుతుంది. పిస్టల్ కోసం చేసిన మెత్తటి బుల్లెట్‌ను సేబోలో పెట్టి మరీ వేగంగా కొడితే, దగ్గర్లో ఎముకకు తగిలి చిట్లిపోవచ్చు.

వేగం పిచ్చి నాకూ ఉండేది. 150 గ్రెయిన్ల మందు పోస్తే బుల్లెట్లు చెల్లాచెదురుగా పడ్డాయి. 100కు తగ్గించగానే అదే బుల్లెట్ మూడుసార్లూ అరచేతి వెడల్పులో పడింది. అందుకే రెండు మూడు రకాలు కొని, 50 గజాల్లో, తర్వాత 100 గజాల్లో కాల్చి చూడండి. ప్రతిసారీ గొట్టం తుడవండి. ఒకసారికి ఒక్కటే మార్చండి: మందైనా, బుల్లెట్టైనా. మందు బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల తుపాకీ మందు) గానీ, దాని బదులు వాడే పైరోడెక్స్ లాంటిది గానీ అయి ఉండాలి, అదీ మాన్యువల్ చెప్పిన పరిమితి లోపల. మామూలు రైఫిల్ మందు పోస్తే గొట్టం పేలిపోవచ్చు.

బుల్లెట్ బిగువు కూడా చూడాలి. కడ్డీతో గట్టిగా నెడితే దిగాలి. సుత్తి కావాల్సి వస్తే బిగుతు ఎక్కువైనట్టు. గొట్టం మూతి కిందికి వంచినప్పుడు బుల్లెట్ జారితే ఇంకా ప్రమాదం, మందుకీ బుల్లెట్‌కీ మధ్య సందు వస్తే గొట్టమే పగలొచ్చు. సరిగ్గా దట్టించాక కడ్డీ మీద గొట్టం అంచు దగ్గర ఒక గీత పెట్టుకోండి. అడవిలో దట్టించినప్పుడు ఆ గీత అంచు దాకా దిగకపోతే ట్రిగ్గర్ జోలికి వెళ్లొద్దు.