పీహెచ్‌డీలో చేరేముందు – 3వ పాఠం: చదివింది మళ్లీ దొరికేలా దాచుకోవడం

గత రెండు పాఠాల్లో విభాగం గురించి, గైడ్ గురించి ముందే కనుక్కోవాల్సిన సంగతులు చూశాం. ఇప్పుడు సీటు ఖాయమైంది, చేరడానికి ఇంకా కొన్ని వారాలో నెలలో ఉన్నాయి అనుకుందాం. ఈ ఖాళీలో చాలామంది టాపిక్ పేరుతో వెతికి, కనిపించిన పీడీఎఫ్‌లన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటారు. ఫోల్డర్ నిండుతుంది, దాంతోపాటు టెన్షనూ పెరుగుతుంది. తీరా చదివినవి చూస్తే నాలుగో ఐదో ఉంటాయి.

చేరేలోపు టాపిక్ మొత్తం చదివేయాల్సిన పని లేదు. అసలు ఆ టాపిక్ చాలామందికి మొదటి ఏడాదిలోనే మారుతుంది, లేదా బాగా కుదించుకుపోతుంది. చదివే పద్ధతి, చదివింది దాచే పద్ధతి మాత్రం టాపిక్ మారినా పనికొస్తాయి. అందుకే ఈ ఖాళీ సమయాన్ని వాటి మీద పెట్టమంటాను.

పద్ధతి సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మూడేళ్ల తర్వాత థీసిస్ రాస్తున్నారు. ఒక వాక్యానికి ఆధారం కావాలి. ఈ మాట ఎక్కడో చదివానని గుర్తుంది, ఎక్కడో మాత్రం గుర్తు లేదు. అప్పుడు ఆ పేపరు, అందులో ఆ పేజీ, దాని గురించి ఆనాడు మీకు కలిగిన ఆలోచన, ఈ మూడూ ఐదు నిమిషాల్లో దొరకాలి. కింద చెప్పేదంతా ఇందుకోసమే.

రిఫరెన్సులకు ఒకే చోటు

రిఫరెన్సులు దాచే సాఫ్ట్‌వేర్లు చాలానే ఉన్నాయి. మీరు చేరబోయే బృందం ఇప్పటికే ఏదైనా వాడుతుంటే మీరూ అదే వాడండి. ఉమ్మడి పేపరు రాసేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. అలాంటిదేమీ లేకపోతే జోటెరోతో మొదలుపెట్టండి. జార్జ్ మేసన్ యూనివర్సిటీలో తయారై 2006లో విడుదలైన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం. దాని సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది. కంప్యూటర్లో ప్రోగ్రామ్, బ్రౌజర్లో దాని కనెక్టర్, రెండూ ఇన్‌స్టాల్ చేయాలి. పేపరు పేజీ తెరిచి కనెక్టర్ బటన్ నొక్కితే రచయితలు, సంవత్సరం, జర్నల్ పేరు వాటంతటవే వచ్చి చేరతాయి. పేపర్ల మీద 10.తో మొదలయ్యే డీఓఐ (DOI) సంఖ్య ఉంటుంది, ఏ పేపరుకు ఆ పేపరుకు వేరుగా ఇచ్చే గుర్తింపు అది. జోటెరోకు ఆ సంఖ్య ఇచ్చినా చాలు.

వాటంతటవే వచ్చిన వివరాలను అలాగే నమ్మి వదిలేయొద్దు. నేను గట్టిగా పట్టుబట్టే విషయం ఇది. ఇంటిపేరు ముందు రాసే అలవాటున్నవాళ్ల పేర్లు తారుమారవుతాయి. పొడి అక్షరాలు ఇంటిపేరు గడిలో పడతాయి. ఒకే పేపరు రెండుసార్లు చేరుతుంది: ఒకటి జర్నల్‌లో వచ్చిన రూపం, ఇంకొకటి అంతకుముందు ఆర్కైవ్ (arXiv) లాంటి వెబ్‌సైట్‌లో పెట్టిన ప్రీప్రింట్. ఈ రెండింటి మధ్య ఫలితాలు, అంకెలు మారి ఉండొచ్చు కాబట్టి మీరు చదివింది ఏదో స్పష్టంగా ఉండాలి. పేపరు చేర్చిన వెంటనే అర నిమిషం ఈ గడులన్నీ చూసి సరిచేస్తే పని అక్కడితో అయిపోతుంది. థీసిస్ సమర్పించే వారంలో మూడు వందల రిఫరెన్సులు ఒక్కొక్కటిగా దిద్దడం ఎంత నరకమో, పడ్డవాళ్లని అడిగితే చెబుతారు.

ఇంకో సంగతి. ఒకసారి అచ్చయిన పేపరు ఎప్పటికీ నిలబడి ఉంటుందని లేదు. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉండొచ్చంటూ 1998లో లాన్సెట్ జర్నల్ ఒక పేపరు వేసింది. అది 12 మంది పిల్లల మీద చేసిన పరిశీలన. పన్నెండేళ్ల తర్వాత, 2010లో, లాన్సెట్ దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకుంది. అంత ప్రచారమైన పేపరు గురించి అందరికీ తెలుస్తుంది. ఎవరూ పట్టించుకోని చిన్న పేపరు రద్దయితే మీకెలా తెలుస్తుంది? మీ లైబ్రరీలో ఉన్న పేపరు అలా రద్దయితే జోటెరో ఎర్రటి హెచ్చరిక చూపిస్తుంది. పీడీఎఫ్‌లను ఒట్టి ఫోల్డర్లో పెట్టుకుంటే ఈ సౌకర్యం ఉండదు.

పేపరు చదవడం

పేపరును మొదటి లైన్ నుంచి చివరి లైన్ దాకా వరసగా చదవడం పాఠ్యపుస్తకాలు నేర్పిన అలవాటు. పరిశోధనలో అది మానుకోవాలి. మొదట ఒక పది నిమిషాలే ఇవ్వండి. శీర్షిక, సారాంశం, పరిచయంలో చివరి పేరా, బొమ్మలూ పట్టికలూ వాటి కింద వివరణలు, ఆఖర్న ముగింపు. ఇంతవరకే. ఆ తర్వాత నిర్ణయించుకోండి: వదిలేయాలా, పక్కన పెట్టాలా, పూర్తిగా చదవాలా? ఎక్కువ పేపర్ల పని ఈ పది నిమిషాలతోనే అయిపోతుంది. ఇందులో తప్పేమీ లేదు. వదిలేసినవాటికి కూడా 'చూశాను, మనకు కాదు, ఎందుకంటే...' అని ఒక ముక్క రాసిపెట్టండి. లేకపోతే ఆరు నెలలకు అదే పేపరు మళ్లీ కొత్తగా దొరుకుతుంది.

పూర్తిగా చదవాల్సినవాటిలో ఎక్కువ సమయం పద్ధతుల భాగానికి ఇవ్వండి. ఏం కొలిచారు, ఎన్నిసార్లు, దేనితో పోల్చారు, ఏది కొలవకుండా వదిలేశారు? కొత్తవాళ్లు ఈ భాగాన్ని దాటేసి ఫలితాలకు వెళ్లిపోతారు. పీహెచ్‌డీలో మీరు చేయబోయేది పద్ధతే కాబట్టి మీకు ఎక్కువగా పనికొచ్చేది కూడా ఈ భాగమే. చరిత్ర, సాహిత్యం, సామాజిక శాస్త్రాల వాళ్లకు పద్ధతులనే శీర్షిక కనిపించకపోవచ్చు. అక్కడ ఈ రచయిత ఎవరితో వాదిస్తున్నాడు, ఏ ఆధారాలు చూశాడు, ఏవి చూడలేదు అని అడగాలి.

ఒక మంచి పేపరు దొరికితే అక్కడి నుంచి రెండు దిక్కులా వెళ్లొచ్చు. దాని చివర ఉన్న రిఫరెన్సులు వెనక్కి తీసుకెళ్తాయి. దాన్ని తర్వాత ఎవరెవరు ఉదహరించారో గూగుల్ స్కాలర్ చూపిస్తుంది, అది ముందుకు దారి. ఇలా తిరుగుతుంటే కొన్ని పేర్లు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. వాళ్ల పేపర్లే ముందు చదవండి.

ఐదు లైన్ల నోట్

పూర్తిగా చదివిన ప్రతి పేపరుకూ సొంత మాటల్లో ఐదు లైన్లు రాయాలి: ప్రశ్న, జవాబు, ఆధారం, అనుమానం, నాకెందుకు. హైలైట్ చేయడం నోట్ రాయడం కాదు. రంగు పూసినంత మాత్రాన మనకు అర్థమైందో లేదో తేలదు.

అందరికీ తెలిసిన పేపరుతో చేసి చూద్దాం. 1953 ఏప్రిల్ 25న నేచర్ జర్నల్‌లో వాట్సన్, క్రిక్‌లు డీఎన్ఏ నిర్మాణం గురించి రాసింది. 737, 738 పేజీలు, అంతే.

ప్రశ్న: డీఎన్ఏ లవణం నిర్మాణం ఎలా ఉంటుంది?
జవాబు: ఒకే అక్షం చుట్టూ మెలితిరిగిన రెండు గొలుసులు. ఫాస్ఫేట్లు బయట, బేసులు లోపల. అడెనిన్‌కు థైమిన్, గ్వానిన్‌కు సైటోసిన్ జంట.
ఆధారం: ప్రధానంగా అప్పటికే అచ్చయిన ప్రయోగ ఫలితాలు, రసాయన నియమాల మీద కట్టిన నమూనా. విల్కిన్స్, ఫ్రాంక్లిన్‌ల అచ్చుకాని ఫలితాల గురించి తెలిసి ఉండటం తోడ్పడిందని చివర్లో వాళ్లే చెప్పారు.
అనుమానం: అప్పటిదాకా అచ్చయిన ఎక్స్‌రే సమాచారం ఈ నమూనాను గట్టిగా పరీక్షించడానికి చాలదని రచయితలే ఒప్పుకున్నారు. మరింత కచ్చితమైన ఫలితాలతో సరిచూసేదాకా ఇది రుజువు కానట్టే అన్నారు.
నాకెందుకు: పాలింగ్, కోరీల మూడు గొలుసుల నమూనాను రెండే కారణాలతో క్లుప్తంగా తోసిపుచ్చారు. ఇతరుల పనిని విమర్శించే తీరు నేర్చుకోవడానికి మంచి ఉదాహరణ.

నాలుగో లైన్ చూడండి. ఇంత పేరున్న పేపరు 'ఇది ఇంకా రుజువు కాలేదు' అని చెప్పిందన్న సంగతి సారాంశాలు చదివినవాళ్లకు తెలియదు. అసలు పేపరు దగ్గర కూర్చుని, అనుమానం అనే గడి నింపాలని వెతికినప్పుడే అది కంటపడుతుంది. ఐదింటిలో ఏది వదిలినా నాలుగోది మాత్రం వదలకండి. మీ సొంత పరిశోధన ప్రశ్న చాలావరకు ఆ లైన్ల నుంచే పుడుతుంది.

రచయిత వాక్యాన్ని యథాతథంగా ఎత్తిరాస్తే, రాసిన ఆ క్షణమే కొటేషన్ గుర్తులు, పేజీ నంబరు పెట్టేయండి. తర్వాత పెడదాంలే అనుకుంటే ఏడాదికి ఆ వాక్యం మనదో వాళ్లదో మనకే తెలియదు. కాపీ కొట్టారన్న ఆరోపణలు వచ్చినవాళ్లందరూ దురుద్దేశంతోనే చేశారని నేననుకోను. కొందరి విషయంలో మూలం ఇలాంటి నోట్సులోనే ఉంటుంది.

నోట్సుకు ఏ యాప్ అనేది పెద్ద విషయం కాదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ సుమారు 90,000 కాగితపు చీటీలతో జీవితాంతం పనిచేశాడు. యాప్‌లు మార్చుకుంటూ వారాలు గడిపేయడం కంటే జోటెరోలోనే పేపరు కింద నోట్ రాసుకోవడం మేలు. అక్కడైతే వెతికినా దొరుకుతుంది.

ఫైళ్లు, బ్యాకప్

ఫైలు పేరు ముందు తేదీ పెట్టండి, సంవత్సరం-నెల-రోజు వరసలో: 2025-03-09 అన్నట్టు. ఈ అంతర్జాతీయ ప్రమాణం 1988 నుంచి ఉంది. ఇలా రాస్తే ఫోల్డర్లో ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో సర్దుకుంటాయి. 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'అసలు ఫైనల్' అన్న గొడవ ఉండదు.

బ్యాకప్‌కు 3-2-1 అని ఒక సూత్రముంది. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట. ల్యాప్‌టాప్, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, యూనివర్సిటీ ఇచ్చే క్లౌడ్, ఇవి సరిపోతాయి. క్లౌడ్ సింక్ ఒక్కటే ఉంటే బ్యాకప్ ఉన్నట్టు కాదు. మీరు పొరపాటున డిలీట్ చేస్తే అది అక్కడా డిలీట్ అవుతుంది. కొన్ని సేవలు కొంతకాలం ట్రాష్‌లో ఉంచుతాయి, ఆ గడువు మీరు గమనించేలోపే దాటిపోవచ్చు.

2021 డిసెంబరులో క్యోటో యూనివర్సిటీ సూపర్ కంప్యూటర్‌లో బ్యాకప్ చేసే ప్రోగ్రామే లోపం వల్ల ఫైళ్లను చెరిపేసింది. 14 పరిశోధన బృందాలకు చెందిన సుమారు 77 టెరాబైట్ల సమాచారం పోయింది. వాటిలో నాలుగు బృందాల ఫైళ్లను తిరిగి తెచ్చే దారే లేకపోయింది. సంస్థ చూసుకుంటుందిలే అని వదిలేయకుండా మీ కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఒకే మినహాయింపు: మనుషుల నుంచి సేకరించే వ్యక్తిగత సమాచారం. దాన్ని ఎక్కడ దాచాలో యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ చెబుతుంది. ఆ అనుమతి రాకముందు ఒక్క ఇంటర్వ్యూ కూడా మొదలుపెట్టకూడదు.

చివరగా ఒక చిన్న పని: ఆర్కిడ్ (ORCID) గుర్తింపు తీసుకోండి. పరిశోధకులకిచ్చే ఈ 16 స్థానాల ఉచిత సంఖ్య 2012 నుంచి ఉంది. మీ పేరే ఉన్న మరొకరి పేపర్లతో మీవి కలిసిపోకుండా ఇది చూస్తుంది. కొన్ని నిమిషాల్లో అయిపోతుంది.

ఈ వారం అభ్యాసం

మీరు చేరబోయే విభాగంలో ఈ మధ్య వచ్చిన ఒక థీసిస్ సంపాదించండి. మొత్తం చదవనక్కర్లేదు. దాని రిఫరెన్సుల్లోంచి పది పేపర్లు ఎంచుకుని జోటెరోలో చేర్చి, గడులన్నీ సరిచూడండి. పదింటినీ పది నిమిషాల చొప్పున చూసి, మూడింటికి ఐదు లైన్ల నోట్ రాయండి. తర్వాత ఒక ఖాళీ డాక్యుమెంట్ తెరిచి, ఆ మూడింటినీ ఉదహరిస్తూ ఒక పేరా రాయండి. రిఫరెన్సులు వర్డ్ లాంటి ప్రోగ్రామ్‌లో కనిపించే జోటెరో ప్లగిన్ ద్వారానే పెట్టండి. ఆపైన రిఫరెన్సులు రాసే శైలిని ఏపీఏ నుంచి షికాగోకు (రెండూ వాడుకలో ఉన్న శైలులే) మార్చి చూడండి. ఎక్కడైనా పేరు వింతగా కనిపిస్తే ఆ పేపరు వివరాల్లో తప్పుందన్నమాట. వెనక్కి వెళ్లి దిద్దండి.

ఆఖరి పని బ్యాకప్ పరీక్ష. ముఖ్యం కాని ఒక ఫైలును కావాలనే డిలీట్ చేసి, హార్డ్ డిస్క్ కాపీ నుంచి మళ్లీ తెచ్చుకోండి. అది సరిగ్గా తెరుచుకుంటేనే ఈ పాఠం పూర్తయినట్టు. తెరుచుకోకపోతే బ్యాకప్ సెట్టింగులు సరిచేసి మరోసారి చేయండి. రాసిన మూడు నోట్లూ దగ్గర ఉంచుకోండి. 4వ పాఠంలో గైడ్‌తో మొదటి సమావేశానికి వాటినే తీసుకెళ్తాం.