పాత అంబాసిడర్‌లో కొత్త ఇంజిన్ ఎలా బిగించాలి?

చెన్నై పెరంబూరులో ఉండే మా మావయ్యది 1978 అంబాసిడర్. ఇంజిన్‌కు రెండుసార్లు బోరింగ్ (అరిగిన సిలిండర్లను తొలిచి సరిచేయడం) చేయించారు, మూడోసారి కుదరదని మేస్త్రీ తేల్చేశాడు. కారు అమ్మడానికి ఆయనకు మనసు రాలేదు. అలా మేం ఈ పనిలో దిగాం.

ముందు కాగితాలు

పానా పట్టుకోకముందే ఆర్టీఓ ఆఫీసుకు వెళ్ళండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని సొంతంగా మార్చకూడదు. అనుమతి తెచ్చుకుని, కొత్త ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఎక్కించి, ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా చెప్పాలి. అనుమతి రాకపోతే పని మొదలుపెట్టకండి.

కారు వయసు 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉంటే 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. ఇంజిన్ మారిస్తే ఆ అవకాశం పోతుంది. అలాంటి కారైతే ఉన్న ఇంజిన్నే బాగు చేయించండి.

ఏ ఇంజిన్?

మారుతి, టయోటా ఇంజిన్లు పెట్టేవాళ్ళున్నారు. నేనైతే ఇసుజు 1817 సీసీ ఇంజిన్ అంటాను. 1990లలో వచ్చిన అంబాసిడర్ 1800లో కంపెనీయే దాన్ని పెట్టింది. అదే కంపెనీ కారు కాంటెస్సా క్లాసిక్‌లోనూ అదే. పాత 1489 సీసీ ఇంజిన్‌తో పోలిస్తే బలం బాగా ఎక్కువ, పైగా అయిదు గేర్లు.

పాత బండ్ల సామాను అమ్మే చెన్నై పుదుపేటలో వెతికితే దొరుకుతుంది. ఒట్టి ఇంజిన్ మాత్రం కొనకండి. గేర్‌బాక్స్, క్లచ్, ఇంజిన్‌ను బండికి పట్టి ఉంచే మౌంటింగులు, రేడియేటర్, సైలెన్సర్ పైపు, వైరింగ్ అన్నీ ఒకే కారువి తీసుకోండి. ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు అందే రకం) అయితే ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), సెన్సార్లు, పెట్రోల్ పంపు కూడా. మేం వైరింగ్ వదిలేసి వచ్చాం, దానికోసం మళ్ళీ నాలుగుసార్లు తిరిగాం. బిల్లు, పాత బండి ఆర్‌సీ కాపీ లేకుండా డబ్బు ఇవ్వకండి. దొంగ ఇంజిన్ అయితే పోలీస్ కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

ఇంజిన్ కన్నా ముందు బ్రేకులు

ఇది నేను గట్టిగా చెప్పే మాట. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులున్న పాత కారు, కొత్త వేగానికి ఆగదు. ఇంజిన్ తీసుకున్న కారుకు ముందు చక్రాల్లో డిస్కు బ్రేకులుంటే వాటినీ, పెడల్ నొక్కుడుకు బలం పెంచే బూస్టర్‌నూ కలిపి కొనండి. మావయ్య కారులో ముందు ఇదే చేయించాం.

దించడం, సరిచూడడం

పాత ఇంజిన్ తీశాక కొత్తదాన్ని గొలుసుకు వేలాడదీసి మెల్లగా దించండి. అప్పుడే మౌంటింగులకు వెల్డింగ్ చేయించకండి. ముందు మూడు చోట్ల చూడాలి: సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) క్రాస్ మెంబర్‌కు (దాని కింద ఉండే అడ్డకమ్మీకి) తగులుతోందా, ఫ్యాన్‌కూ రేడియేటర్‌కూ మధ్య చోటుందా, బానెట్ మూసుకుంటుందా. బానెట్ కోసం ఎయిర్ క్లీనర్ మీద మట్టి ముద్ద పెట్టి మూసి తీయండి. ముద్ద ఎంత మందం మిగిలిందో అంతే ఖాళీ ఉన్నట్టు.

గేర్‌బాక్స్ పొడవు మారుతుంది కాబట్టి గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు బలం అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను కొలత తీసుకుని కోయించి, లేత్ షాపులో బ్యాలెన్స్ చేయించాలి. ఈ ఖర్చుకు వెనకాడితే కారు మొత్తం వణుకుతుంది. స్టీరింగ్ పక్కనున్న గేర్ రాడ్ ఇక పనికిరాదు, కొత్త లివర్ కోసం కింద రేకు కోయాలి.

కరెంటు, పెట్రోలు

కొన్ని పాత కార్లలో బ్యాటరీ పాజిటివ్‌నే బాడీకి ఎర్త్ చేసేవారు. అది చూసుకోకుండా, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను కలిపితే కాలిపోతుంది. ఎంపీఎఫ్ఐ ఇంజిన్‌కు పెట్రోలు సుమారు 3 బార్ ఒత్తిడితో అందాలి, పాత పైపులు దానికి ఆగవు. ప్రెషర్ పైపులు, కొత్త ఫిల్టర్ వేయించండి. ట్యాంకులో తుప్పు కడిగించడం మరవద్దు, లేకపోతే ఇంజెక్టర్లు మూసుకుపోతాయి.

చెన్నై ఎండలో పరీక్ష

మే నెల మధ్యాహ్నం కారు కదలకుండా ఇంజిన్‌ను అరగంట ఐడిల్‌లో ఉంచి టెంపరేచర్ ముల్లు చూడండి. ఎక్కుతూ పోతుంటే పెద్ద రేడియేటర్, ఎలక్ట్రిక్ ఫ్యాన్ తప్పవు. 500 కిలోమీటర్లు తిరిగాక ఆయిల్ మార్చి, మౌంటింగ్ బోల్టులు, షాఫ్ట్ బోల్టులు అన్నీ మళ్ళీ బిగించండి. మా కారులో అప్పటికి రెండు వదులయ్యాయి.