కిండిల్‌కు సీరియల్ అడాప్టర్ కలిపే ముందు

ఈ-పుస్తకాలు చదివే కిండిల్ పేపర్‌వైట్ లోపలి బోర్డు మీది సీరియల్ పోర్టు (తీగల ద్వారా కంప్యూటర్‌తో అక్షరాలు పంపుకునే చోటు) 1.8 వోల్టుల మీద పనిచేస్తుంది. దాన్ని కంప్యూటర్‌కు కలపడానికి బజారులో దొరికే అడాప్టర్లలో ఎక్కువ భాగం 3.3 లేదా 5 వోల్టులవి. అవి ప్రాసెసర్‌నే కాల్చేయవచ్చు. అందుకే అన్నిటికంటే ముందు ఈ పరీక్ష:

• అడాప్టర్‌ను కంప్యూటర్‌కు మాత్రమే కలిపి, దాని టీఎక్స్ (డేటా పంపే పిన్ను), గ్రౌండ్ పిన్నుల మధ్య మల్టీమీటర్‌తో కొలవండి. డేటా పంపనప్పుడు టీఎక్స్ పిన్ను పూర్తి వోల్టేజీలోనే ఉంటుంది. 1.8 దగ్గర చూపకపోతే పక్కన పెట్టేయండి. పెట్టె మీది అచ్చును నమ్మవద్దు, మీటరునే నమ్మండి.

• పుస్తకాలు, నోట్స్ ముందే కాపీ చేసుకోండి.

• టంకం వేసేటప్పుడు బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి ఉండాలి. తెర అద్దం చాలా పలుచన, బోర్డును వంచవద్దు.

• మొదట గ్రౌండ్ తీగ. తర్వాత కిండిల్ టీఎక్స్‌ను అడాప్టర్ ఆర్‌ఎక్స్‌కు (డేటా అందుకునే పిన్ను) కలిపి, సెకనుకు 115200 బిట్ల వేగంలో అక్షరాలు వస్తున్నాయో లేదో చూడండి. వస్తేనే అడాప్టర్ టీఎక్స్ నుంచి కిండిల్ ఆర్‌ఎక్స్‌కు వెళ్ళే తీగ.

• అడాప్టర్ విద్యుత్ పిన్నును కిండిల్‌కు ఎప్పుడూ కలపవద్దు. దానికి తన బ్యాటరీ ఉంది.

• తీగలను టేపుతో బిగించండి. చిన్న లాగుడుకే బోర్డు మీది రాగి చుక్క లేచిపోతుంది, దాన్ని తిరిగి అతికించడం చాలా కష్టం.