నాచు రంగు తిరిగిన ఏఎల్‌క్యూ3ని ఎట్లా వెలిగించానంటే

హన్మకొండలో మా ల్యాబ్‌లో ఏఎల్‌క్యూ3 చేస్తున్నా, 1987లో శాస్త్రవేత్తలు టాంగ్, వాన్‌స్లైక్ తమ ఓఎల్ఈడీలో (కరెంటిస్తే వెలిగే సేంద్రియ పొరల దీపం) ఆకుపచ్చ వెలుగు కోసం వాడిన అల్యూమినియం కాంప్లెక్సే, అంటే లోహాన్ని సేంద్రియ అణువులు పట్టుకున్న సమ్మేళనం. పసుపు పొడి రావాలి, నాకేమో మూడుసార్లూ నాచు పట్టినట్టు ముదురు రంగే వచ్చింది, యూవీ ల్యాంపు కింద వెలుగే లేదు. పీహెచ్ (ఆమ్ల-క్షార స్థాయి) తప్పిందేమోనని, దాన్ని సరిచేసే సోడియం అసిటేట్ మార్చి మార్చి రెండు వారాలు పోగొట్టుకున్నా. తీరా చూస్తే స్పాచులా అంచున తుప్పు! ఏఎల్‌క్యూ3లో అల్యూమినియాన్ని పట్టుకునే 8-హైడ్రాక్సీక్వినోలిన్ ఇనుమును కూడా వదలదు, ఆ కాంప్లెక్స్ నల్లగా ఉండి వెలుగును మింగేస్తుంది. ప్లాస్టిక్ స్పాచులా తెచ్చా, అల్యూమినియం కోసం వాడుతున్న కిరాణా పటిక మానేసి ల్యాబ్ గ్రేడ్ అల్యూమినియం నైట్రేట్ వాడా, అంతే. వేడినీళ్లతో కడిగి ఆరబెడితే తంగేడు పువ్వు రంగు. లైట్లార్పి ల్యాంపు వేయగానే వాచ్‌గ్లాస్ అంతా ఆకుపచ్చగా మెరిసింది, జూనియర్ "అన్నా, ఇది పొడేనా?" అన్నాడు. డివైస్‌లో వేసే ముందు వ్యాక్యూమ్‌లో సబ్లిమేషన్ (కరగకుండా నేరుగా ఆవిరి చేసి శుద్ధి చేయడం) చేయాలి, ఆ మెషిన్ దగ్గర మా వంతు వచ్చే వారం.