రావి ఆకు నుంచి ఈనెల (ఆకు నరాల) వల తీయడం

ముదురాకులే ఏరండి. లేతాకైతే ఈనెలు కూడా కుళ్లిపోతాయి. బకెట్ నీళ్లలో ఆకులు మునిగేలా పైన పళ్లెం బోర్లించి, మూడు నాలుగు వారాలు నాననివ్వండి. మూత తప్పనిసరి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. వారానికోసారి సగం నీళ్లే మార్చండి. మొత్తం పారబోస్తే ఆకును కుళ్లబెట్టే సూక్ష్మజీవులూ పోయి పని వెనకబడుతుంది. కంపు భరించాల్సిందే, బకెట్ పెరట్లో ఉంచండి.

వేలితో రాస్తే పచ్చపొర జారిందంటే అదను వచ్చినట్టే. పళ్లెంలో కాసిని నీళ్లు పోసి, ఆకు పరిచి, మెత్తని టూత్‌బ్రష్‌తో మధ్య ఈనె నుంచి అంచులవైపు తట్టినట్టు తోమండి. ఎదురు తోమితే సన్న ఈనెలు చిరుగుతాయి. పొర మొండికేస్తే బలం పెట్టొద్దు, ఇంకో వారం నానబెట్టండి. చివరి పచ్చ తునక ఊడి వల మొత్తం తేలే క్షణమే ఈ పనిలో అసలు మజా. ఆకు కొసన ఉండే తోక దగ్గర మాత్రం జాగ్రత్త, తెగేది అక్కడే. కడిగి, పాత పేపర్ల మధ్య బరువు కింద ఆరబెట్టండి. తడిసిన పేపర్ రోజూ మార్చకపోతే బూజు పడుతుంది.